ఎడం చేతి గొలుసు

ఊలంటే నాకు రోత. గొర్రె ఒంటిమీద ఉన్నప్పుడు ఎలా ఉంటుందో తెలీదు. నేను కొన్నది గొర్రె మొహం ఎన్నడూ చూడనిది, ప్లాస్టిక్ ఊలు, గులాబీ రంగు. ఏప్రిల్ నెలాఖరున, విజయవాడలో తారురోడ్డు చెప్పులకి అంటుకునే రోజుల్లో, గవర్నరుపేటలో ఒక ఫ్యాన్సీ షాపుకెళ్ళి కొన్నాను. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే బావుంటుందండీ, లావుగా ఉంటుంది, కుట్లు బాగా కనపడతాయి" అన్నాడు షాపతను. కుట్ల సంగతి దేవుడెరుగు, ఆటోలో భవానీపురం చేరేసరికే నా చేతి చెమటకి ఆ ఉండ తడిసి ముద్దయింది. ఇంటికొచ్చి పట్టుకుంటే దాని నూగు వేళ్ళకి, వేళ్ళ నుంచి పెదాలకి, అక్కణ్ణుంచి పప్పుచారులోకి వచ్చింది. పప్పుచారులో గులాబీ రంగు నూగు తేలడం చూశాక ఆ పూట నేను అన్నం తినలేదు.

ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని. యాభై దాటాక నాకు అల్లికల మోజేమీ పుట్టలేదు. నేర్చుకోవాల్సి వచ్చింది మా అమ్మ కోసం. అమ్మ కోసం అంటే అదేదో ప్రేమగా వినిపిస్తుంది. అప్పుడు నాకున్నది ప్రేమ కాదు, కోపం. ముందు ఆ సంగతి చెప్తాను.

నాన్న పోయినప్పట్నించీ అమ్మ మా ఫ్లాట్‌లోనే ఉంటోంది. శివరాత్రి వెళ్ళిన వారంలో ఓ పొద్దున్నే పాలగిన్నె దించబోయి స్టవ్ పక్కనే కూలబడింది. పక్షవాతం. ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చేసరికి మాట తిరిగొచ్చింది, కాస్త ముద్దముద్దగా. మింగడం బాగానే ఉందన్నారు. కుడి కాలు కొద్దిగా కదిలింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెడితే ఒళ్ళో ఉంటుంది, పక్కన పెడితే పక్కన ఉంటుంది. నేను కాలేజీకి సెలవు పెట్టేశాను.

మిగిలింది ఎడం చెయ్యి. అది నిక్షేపంలా ఉంది. దాంతో దుప్పటి లాక్కునేది, దోమని కొట్టేది, టీవీ రిమోట్ నొక్కేది. అన్నం మాత్రం తినదు. తినదంటే తినదు.

"ఆ చేత్తో అన్నమా? ఛీ!" అంది మొదటిరోజు. చెయ్యి వెనక్కి లాక్కుంది కూడా, నేనేదో అందులో అశుద్ధం పెట్టబోయినట్టు.

సరే, నేను తినిపిస్తానన్నాను. అదీ ఒప్పుకోదు. మా అమ్మ జీవితంలో ఒకరి ఎదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి కాదు. అందరికీ పెట్టాక, వంటింట్లో గోడవైపు తిరిగి, పీటమీద కూర్చుని గబగబా తినేసి లేచేది. ఆవిడ ఏం తింటుందో, ఎంత తింటుందో మా నాన్నకి కూడా తెలిసుండదు. అలాంటి మనిషి నోటికి నేను ముద్ద అందిస్తే పళ్ళు బిగించేది. బతిమాలితే రెండు ముద్దలు, తిడితే ఇంకొకటి. అందులో సగం పెదవి కుడివైపు నుంచి కిందికి జారేది. తుడిస్తే మొహం తిప్పేసుకునేది. కళ్ళు గట్టిగా మూసుకుని మింగేది, ఆముదం మింగినట్టు.

నాకేమో రోత. ఉన్న మాటే రాస్తున్నాను. నోట్లోంచి వచ్చిన ముద్ద నా వేళ్ళమీద పడితే సబ్బుతో రెండుసార్లు కడుక్కునేదాన్ని. కన్నతల్లిదైనా ఎంగిలి ఎంగిలే. మంచం దగ్గర ఒక వాసన ఉండేది, బామూ డెట్టాలూ మజ్జిగా కలిసిన వాసన. అది నా చీరల్లోకి, దిండుగలీబుల్లోకి, చివరికి కాఫీలోకి కూడా వచ్చేసింది. చూడ్డానికొచ్చిన చుట్టాలు ముక్కు దగ్గర కొంగు పెట్టుకుని "ఎంత అదృష్టవంతురాలివమ్మా, తల్లికి సేవ చేసుకునే భాగ్యం" అనేవాళ్ళు. ఆ భాగ్యమేదో ఒక పూట వాళ్ళకి ఇచ్చేద్దామనిపించేది.

ఈ ఎడం చేతి పాఠం నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు అమ్మే నేర్పింది. ఎడం చేత్తో డబ్బులిస్తే లక్ష్మి పోతుంది. ఎడం చేత్తో ప్రసాదం పట్టకూడదు. ఎడం చేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వకూడదు, శత్రువుకి కూడా. ఒకసారి హనుమాన్ జంక్షన్ బస్టాండులో నేను కండక్టరుకి ఎడం చేత్తో చిల్లర ఇస్తే అందరి ముందూ నా చేతి మీద చరిచి, కుడి చేతిలోకి మార్పించి మళ్ళీ ఇప్పించింది. కండక్టరు నవ్వాడు. నాకు ఇప్పటికీ ఎడం చేత్తో ఏదైనా అందిస్తే "ఎడం చెయ్యండీ, ఏమనుకోకండి" అని నోరు దానంతట అదే అనేస్తుంది.

లెక్కల టీచర్ని కాబట్టి వాదించి చూశాను. "అన్నం తింటూ మారు వడ్డించుకునేటప్పుడు గరిటె ఏ చేత్తో పట్టుకుంటాం? కుడి చెయ్యి ఎంగిలి కాబట్టి ఎడం చేత్తోనే కదా. అప్పుడు లేని మైల ఇప్పుడెక్కణ్ణుంచొచ్చింది?"

"గరిటె వేరు, ముద్ద వేరు," అంది.

"పోనీ స్పూను పట్టుకో."

"పట్టుకునేది ఏ చెయ్యి?"

ఎడ్డెమంటే తెడ్డెం. నోట్లో మాట సరిగ్గా తిరగని మనిషి వాదనలో మాత్రం తడబడదు.

ఏప్రిల్ సగం గడిచేసరికి అమ్మ చెంపలు లోపలికి పోయాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టరు గారు చూసి, "ఇలాగైతే లాభం లేదండీ. తిండి పెంచండి. పెరగకపోతే ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోయాల్సి వస్తుంది" అన్నారు. వార్డులో ఆ గొట్టాలు చూసినదాన్ని నేను. ముక్కు దగ్గర ప్లాస్టర్, దానిచుట్టూ ఎండిన జావ, పక్కనే ముసిరిన ఈగలు. గొట్టం లాగేస్తారేమోనని చేతులు మంచానికి గుడ్డతో కట్టేస్తారు. మా అమ్మకి కట్టడానికి మిగిలింది ఒక్క చెయ్యి.

ఫిజియోథెరపీ కుర్రాడు రోజు మార్చి రోజు వచ్చేవాడు. "మామ్మగారూ, ఎడం చేత్తో ఈ బంతి పిసకండి. ఆ చేతికి పని అలవాటైతే తర్వాత తిండి కూడా దాంతోనే తినేస్తారు" అని ఒక స్పాంజి బంతి ఇచ్చాడు. అమ్మ ఆ బంతిని బాల్కనీలోంచి కిందికి విసిరేసింది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తెచ్చిస్తే మళ్ళీ విసిరింది. మూడోసారి అతను తేలేదు.

అప్పుడు నాకు తట్టింది టీవీ మీది గుడ్డ. మా ఇంట్లో టీవీ మీద ఎప్పట్నించో ఒక తెల్ల లేసు గుడ్డ ఉంది. అమ్మ అల్లిందే. కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో, ఊళ్ళో చర్చి కాంపౌండులో ఉండే టీచరమ్మగారి దగ్గర నేర్చుకుందట. సన్న నూలు దారం, చిన్న కొక్కెం సూది. మధ్యాహ్నాలు వంట అయ్యాక వెళ్ళి ఆవిడ అరుగు మీద కూర్చుని అల్లేదట. ఆవిడ టీ ఇస్తే మాత్రం తాగినట్టు నటించి, ఆవిడ లోపలికెళ్ళగానే అరుగు కిందికి పారబోసేదట. ఇంటికొచ్చి స్నానం చేసి గానీ వంటింట్లోకి వెళ్ళేది కాదట. నా చిన్నప్పుడు ఇదంతా అమ్మ నవ్వుతూ చెప్పేది, పెద్ద చమత్కారం చేసినట్టు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు కంపరమెత్తుతుంది. విద్య ఆవిడ చేతిలోంచి తీసుకోవచ్చు గానీ టీ తీసుకోకూడదు. మా అమ్మకి అసహ్యం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో అంతా కొలతలతో సహా తెలుసు.

ఆ కొలతల్లోనే ఒక సందు కనపడింది నాకు. ఎడం చేత్తో తినకూడదని ఉంది గానీ ఎడం చేత్తో లేసు అల్లకూడదని ఎక్కడా లేదు. ఆ చేతికి ఏదో ఒక మంచి పని అంటగడితే దానిమీద రోత కాస్త తగ్గుతుందేమో. కానీ కుడి చేతి వాటంగా నేర్చుకున్న మనిషికి ఎడం చేత్తో ఎలా అల్లాలో ఎవరు చూపిస్తారు? అందుకని ముందు నేను ఎడం చేత్తో నేర్చుకుని, ఆ తర్వాత అమ్మకి నేర్పాలనుకున్నాను. ఆ ఊలూ, ఆ ఆటో, ఆ పప్పుచారూ ఇందుకు.

ఫోనులో ఒక అమ్మాయి "హాయ్ ఫ్రెండ్స్" అంటూ మొదలుపెడుతుంది. చాలా చాలా ఈజీ అని పదిమాట్లు అంటుంది. ఆవిడ గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి, వాటిమీద మెరుపులు అతికించి ఉన్నాయి. అన్నం ఎలా కలుపుకుంటుందో అనిపించింది. ఆవిడది కుడి చేతి వాటం. అందుకని ఫోను బీరువా అద్దం ముందు నిలబెట్టి, అద్దంలో చూస్తూ నేర్చుకోవాల్సి వచ్చింది. అద్దంలో అన్నీ తిరగబడి ఎడం చేత్తో చేస్తున్నట్టు కనిపిస్తాయి. ఆ అద్దంలోనే ఫోను పక్కన నా మొహం కూడా కనిపించేది, చెమట కారుతూ, పెదవి కొరుక్కుంటూ.

పని చెప్పుకుంటే ఇంతే. దారంతో ఒక జారుముడి వెయ్యాలి. అందులోకి కొక్కెం సూది దూర్చాలి. కొక్కేనికి దారం చుట్టి ముడిలోంచి ఇవతలికి లాగితే ఒక కన్ను. మళ్ళీ చుట్టి లాగితే ఇంకో కన్ను. అలా లాగుతూ పోతే గొలుసు. గొలుసు పొడుగయ్యాక వెనక్కి తిరిగి, ఒక్కో కంట్లోకి సూది దూర్చి దారం లాగితే సూది మీద రెండు కళ్ళు ఉంటాయి. దారం మళ్ళీ చుట్టి ఆ రెంటిలోంచీ ఒక్కసారే లాగెయ్యాలి. అదే సింగిల్ క్రోషే అంటుంది ఆ అమ్మాయి. ఆరేళ్ళ పిల్లలు కూడా వేస్తారట.

నాకు రాలేదు. నా ఎడం చెయ్యి అంత మొద్దుదని అంతవరకూ నాకు తెలీదు. సూది పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టుంది. ఒక కన్ను నా వేలు పట్టేంత పెద్దది, పక్కది చీమ దూరనంత చిన్నది. లాగుతుంటే కొక్కెం దారాన్ని వదిలేసి ఊలు పోగుల్ని పట్టుకునేది. పోగులు చీలి, చెమటకి ఉండలు కట్టి, డ్రైనేజీ జాలీలో ఇరుక్కున్న జుట్టులా తయారయ్యేది. విప్పి మళ్ళీ మొదలుపెడితే ఆ జిడ్డు దారమే మళ్ళీ పట్టుకోవాలి. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి చూసి, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఊలుని తిట్టుకుంటే ఎలా?" అన్నారు. ఆయన వెళ్ళి కాఫీ కలుపుకుని తాగారు. నాకు కలపలేదు.

పిల్లలు లెక్క తప్పు చేస్తే నేను ఎన్ని మాటలన్నానో అప్పుడు కొన్ని గుర్తొచ్చాయి. వెంటనే మర్చిపోయాను. వాళ్ళకి వయసుంది, చేతి నిండా వేళ్ళున్నాయి.

ఇదంతా నేను అమ్మ మంచం ఎదురుగా కుర్చీ వేసుకునే చేసేదాన్ని, ఆవిడ చూడాలని. ఆవిడ చూసేది. టీవీలో సీరియల్ వస్తున్నా చూపు నా చేతుల మీదే ఉండేది. నేను కన్ను వదిలేసినప్పుడల్లా ఆవిడ గొంతులోంచి చిన్న శబ్దం వచ్చేది, కూరలో ఉప్పెక్కువైనప్పుడు చేసే శబ్దం.

నాలుగైదు రోజులు ఓర్చుకుంది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయి, నేను సూదినీ ఊలునీ ఆ గోళ్ళ అమ్మాయినీ కలిపి తిడుతుండగా, "ఇటివ్వు. ఏడిసినట్టుంది" అంది.

ఎడం చెయ్యి చాపింది. నేను మాట్లాడకుండా సూది ఇచ్చాను. మాట్లాడితే మనసు మార్చుకుంటుందని భయం.

ముందు ఊలుని పట్టి చూసి మంచం కిందికి తోసేసింది. "ఇదేం పీచు? నూలు దారం తెప్పించు." మా ఆయన్ని సాయంత్రం వన్ టౌన్ పంపించి తెల్ల నూలు దారం తెప్పించాను. చల్లగా, నున్నగా, వేళ్ళకి అంటకుండా ఉంది. ఆ ఒక్క విషయంలో మా అమ్మని నేను అప్పటికప్పుడే క్షమించాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. సూది ఒక చెయ్యి పడుతుంది, సరే. దారాన్ని వేలికి చుట్టి బిగువుగా పట్టుకోవడానికి, వేసిన కుట్టుని కిందనుంచి నొక్కి పట్టడానికి రెండో చెయ్యి కావాలి. అమ్మకి రెండో చెయ్యి లేదు. కాసేపు ఒళ్ళో ఉన్న కుడి చేతికేసి చూసింది. దాని వేళ్ళ మధ్య దారం పెట్టుకుంది. వేళ్ళు పట్టలేదు, దారం జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది. అప్పుడు నేను లేచి మంచం మీద ఆవిడకి కుడి పక్కన, ఆ చెయ్యి పని చెయ్యాల్సిన చోట కూర్చుని, దారం నేను పట్టుకున్నాను.

ఇద్దరు మనుషులు కలిసి ఒక కుట్టు వెయ్యడం కన్నా చిరాకైన పని లోకంలో లేదు. నేను బిగించి పట్టుకుంటే సూది దూరదు, వదులు చేస్తే కన్ను పెద్దదవుతుంది. ఆవిడ ఎప్పుడు లాగుతుందో నాకు తెలీదు, నేను ఎప్పుడు వదుల్తానో ఆవిడకి తెలీదు. భుజాలు ఆనుకుని కూర్చోవాలి. ఆవిడ చెమట నాకూ నా చెమట ఆవిడకీ అంటేది. నోటి పక్కనుంచి చొంగ కారి దారం మీద పడితే నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆవిడకి అది తెలిసేది, కొంగుతో తనే తుడుచుకునేది.

"వదులు. వదలవే!"

"వదిల్తే నువ్వు లాగట్లేదు."

"నా పడిపోయిన చెయ్యే నయం నీకంటే. అది కనీసం అడ్డం రాదు."

అయినా గొలుసు పడింది. జూన్‌లో నాలుగు చినుకులు పడేసరికి జానెడు వెడల్పు పట్టీ వచ్చింది. మొదటి వరసలు వంకరటింకరగా ఉన్నాయి, పోనుపోను తిన్నగా వచ్చాయి. అమ్మ ఎడం చేతి చూపుడు వేలి మీద, సూది ఆనే చోట, చిన్న కాయ కాసింది. ఫిజియోథెరపీ కుర్రాడు చూసి ఫోటో తీసుకున్నాడు. "ఇంకేం మామ్మగారూ, ఇడ్లీ ఈ చేత్తో లాగించెయ్యండి" అన్నాడు. అమ్మ సూది కింద పడేసి ఆ రోజంతా ముట్టుకోలేదు.

తిండి అలాగే ఉంది. రెండు ముద్దలు, తిడితే మూడు.

ఆ పరిస్థితిలో మా పిన్ని వచ్చింది, అమ్మకి స్వయానా చెల్లెలు. ఒక డజను యాపిల్ పళ్ళూ, బ్రెడ్డూ తెచ్చింది. మంచం మీద మేమిద్దరం అల్లుతుంటే గుమ్మంలోనే ఆగి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, పుర్రచేత్తో అల్లుతున్నావా అక్కా! ఎలాంటిదానివి ఎలాగయిపోయావే!" అంది. ఒక ముక్క యాపిల్ కోసి అందించబోయి, మళ్ళీ నాలుక్కరుచుకుని, ఆ ముక్క నా చేతిలో పెట్టింది, నన్ను తినిపించమని. అమ్మ ఎడం చెయ్యి మెల్లిగా దుప్పటి కిందికి వెళ్ళిపోయింది. పిన్ని ఉన్నంతసేపూ బయటికి రాలేదు. వాళ్ళాయన మోకాళ్ళ నొప్పుల గురించీ, మా ఫ్లాట్‌లో గాలి ఆడకపోవడం గురించీ అంతా చెప్పి, టిఫిను తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళింది పిన్ని. ఆ వెళ్ళేటప్పుడు ఆవిడ ఆటోకి ఎదురెళ్ళి ఆ యాపిల్ పళ్ళు ఒక్కొక్కటే విసరాలనిపించింది నాకు.

ఆ రోజు నుంచి అల్లిక ఆగిపోయింది. అమ్మ ముద్దలు కూడా తగ్గించేసింది. ఒక పూట అసలు నోరు తెరవలేదు. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "సోమవారం తీసుకొచ్చెయ్యండి, గొట్టం వేసేద్దాం, ఇంక ఆలస్యం వద్దు" అన్నారు.

ఆ మాట నేను అమ్మకి చెప్పలేదు. ఆవిడ వినేసింది. మా ఫ్లాట్‌లో ఎవరు ఎక్కడ మాట్లాడినా అందరికీ వినపడుతుంది.

ఆదివారం పొద్దున్న బాత్‌రూములో, దొడ్డికి కూర్చునే కుర్చీ మీద అమ్మని కూర్చోబెట్టి కడుగుతున్నాను. అది రోజూ నా పనే. ఎంత అలవాటైనా నాకు ఆ పనికి ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టుకోవాల్సి వచ్చేది. ఆ రోజూ బిగబట్టాను. ఎడం చేత్తో కడుగుతున్నాను, కుడి చేత్తో మగ్గు పట్టుకుని నీళ్ళు పోస్తున్నాను. అమ్మ గోడకి బిగించిన పైపు పట్టుకుని ఉంది, ఎడం చేత్తో. ఆ చూపుడు వేలి మీద సూది కాయ ఉంది. ఎందుకో ఒళ్ళు మండిపోయింది నాకు.

"అమ్మా, నీ ఎడం చెయ్యి ఈ పని మానేసి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

మగ్గు ముంచి ఇంకోసారి నీళ్ళు పోశాను.

"ఈ పని ఇప్పుడు చేస్తున్నది నా ఎడం చెయ్యి. నీ చెయ్యి దుప్పటి సర్దుకుంటోంది, లేసు అల్లుతోంది. అసహ్యించుకోవాలంటే నా చేతిని అసహ్యించుకో. ఈ చేత్తోనే నీకు పళ్ళెం తెస్తున్నాను, దిండు సర్దుతున్నాను. దీన్నేమీ అనవు. ఏ పాపమూ చెయ్యని నీ చేతికి మాత్రం అన్నం పెట్టనివ్వవు. రేపు నీ ముక్కులో గొట్టం దూరుస్తారు. అది లాగేస్తావని ఆ చేతిని మంచానికి కట్టేస్తారు. అప్పుడు చల్లగా ఉంటుంది నీ మడి."

గట్టిగానే అన్నాను. పక్క ఫ్లాట్ వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. అని, ఏడ్చాను కూడా. కోపంతోనే ఏడ్చాను, ఆవిడ మీద జాలితో కాదు. ఇంత వయసొచ్చి, ఒక ముద్ద అన్నం ముందు అమ్మా నేనూ ఇలా నిలబడాల్సి వచ్చినందుకు రోత పుట్టి ఏడ్చాను. అమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. పైపు మీద చెయ్యి ఇంకాస్త బిగిసింది. నేను తుడిచి, చీర చుట్టి, తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. నేను ఆస్పత్రి సంచీ సర్దడం మొదలుపెట్టాను. రెండు చీరలు, టవలు, రిపోర్టుల కవరు.

పన్నెండు దాటాక పిలిచింది.

"పెరుగన్నం కలుపు. మెత్తగా."

కలిపాను. పళ్ళెం తెచ్చి, స్టూలు దగ్గరికి లాగి, అలవాటుగా చెయ్యి కడుక్కుని ముద్ద చెయ్యబోయాను.

"అక్కడ పెట్టు."

పెట్టాను.

"నువ్వు పో. తలుపు దగ్గరికి వేసి పో. మీ ఆయన్ని ఇటు రానివ్వకు."

బయటికొచ్చి తలుపు మూశాను. హాల్లో మా ఆయన పేపరు దించి ఏమిటన్నట్టు చూశారు. మాట్లాడొద్దని చెయ్యి అడ్డం ఊపాను. తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత పళ్ళెం స్టూలు మీద కొద్దిగా జరిగిన చప్పుడైంది. ఆగింది. మళ్ళీ జరిగింది. నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. అన్నం తినడం తలుపేసుకుని చేసే పనైపోయింది మా ఇంట్లో, ఏ దొడ్డికో వెళ్ళినట్టు. నాకు నవ్వొచ్చింది, అసహ్యమూ వేసింది.

కాసేపటికి లోపలినుంచి కేక.

"ఏమే! మజ్జిగ తెచ్చి పొయ్యి."

గబుక్కున లేచి తలుపు మీద చెయ్యి వేశాను.

"ఆగు," అంది అమ్మ. "కళ్ళు మూసుకుని రా."